థాయ్‌లాండ్‌లో హోటల్‌కు చెడ్డ రివ్యూ రాసే ముందు

అక్కడ పరువునష్టం సివిల్ దావాతో పోదు, క్రిమినల్ నేరం కూడా. శిక్షాస్మృతి 328వ సెక్షన్ ప్రకారం, ప్రచురణ ద్వారా పరువు తీస్తే 2 ఏళ్ల దాకా జైలు, 2 లక్షల బాట్‌ల దాకా జరిమానా. 2020లో కో చాంగ్ దీవిలోని ఓ రిసార్ట్‌పై ట్రిప్‌అడ్వైజర్‌లో రాసిన అమెరికన్ అరెస్టయ్యాడు; క్షమాపణతో బయటపడ్డాడు.

ముందు మేనేజర్‌కు ఈమెయిల్ పెట్టండి. బిల్లు, తేదీ తెలిసే ఫొటోలు దాచుకోండి. రివ్యూలో కళ్లారా చూసిందే రాయండి: "రెండు రాత్రులు ఏసీ పనిచేయలేదు, గది మార్చలేదు." అసలు చిక్కంతా "మోసగాళ్లు", "దొంగలు" లాంటి మాటలతోనే. సిబ్బంది పేర్లు వద్దు. నిజమే కదా అన్న ధీమా చాలదు: విషయం వ్యక్తిగతమై, ప్రజలకు ఉపయోగం లేనిదైతే 330వ సెక్షన్ దాన్ని నిరూపించుకునే అవకాశమే ఇవ్వదు. ఒకే ఫిర్యాదును నాలుగు సైట్లలో పెడితే కక్షలా కనిపిస్తుంది.