డీజే మిక్సర్ నేర్చుకుందాం – రెండో పాఠం: వెనక పిన్నులు, ముందు గెయిన్

మొదటి పాఠంలో పాట నడిచే దారి గీసుకున్నాం: లోపలికొచ్చే పిన్ను, గెయిన్ (వచ్చే పాట మట్టం సరిచేసే నాబ్), ఈక్యూ (బేస్, ట్రిబుల్ లాంటివి పెంచి తగ్గించే నాబులు), చానల్ ఫేడర్ (ఒక్కో పాట మోత మార్చే జారుడు మీట), క్రాస్‌ఫేడర్ (ఒక పాటనుంచి ఇంకో పాటకు జార్చే అడ్డ మీట), మాస్టర్ (మొత్తం మోత), బయటికెళ్ళే పిన్ను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈ పాఠమంతా దాని మీదే నడుస్తుంది. చివర్లో ఒక ప్రశ్న కూడా ఇచ్చాం. ఫోన్‌లో పాట పెడితే బేస్ గుమ్మెత్తిపోతోంది, గొంతు చిరిగిపోతోంది, మాస్టర్ ఎంత తగ్గించినా ఆ చిరుగు పోవడం లేదు. తప్పెక్కడ?

చానల్ మీద ఫోనో, లైన్ అని ఉండే చిన్న మీటలో. అది ఫోనో వైపు ఉండిపోయింది.

ఫోనో అనేది రికార్డు ప్లేయర్ కోసం పెట్టిన దారి. రికార్డు మీద తిరిగే సూది ఇచ్చే కరెంటు చాలా తక్కువ, మామూలు కార్ట్రిడ్జికి (సూది బిగించి ఉండే చిన్న పెట్టె) 5 మిల్లీవోల్టుల దగ్గర. దాన్ని మిక్సర్ లోపల సుమారు వంద రెట్లు పెంచుతారు. పైగా రికార్డు మీద గాడి కోసేటప్పుడే బేస్ తగ్గించి, ట్రిబుల్ (సన్నటి పై శబ్దాలు) పెంచి కోస్తారు కాబట్టి ఫోనో దారి దానికి తలకిందులుగా బేస్ పెంచి ట్రిబుల్ తగ్గిస్తుంది. ఫోను, లాప్‌టాప్, పెన్‌డ్రైవ్ ప్లేయర్ ఇచ్చేది లైన్ మట్టం, 300 మిల్లీవోల్టులో అంతకంటే ఎక్కువో. అరవై రెట్లు పెద్ద సిగ్నల్‌ని సూది కోసం కట్టిన దారిలో తోస్తే అక్కడే తెగిపోతుంది. తెగింది తెగినట్టే ముందుకెళ్తుంది, మాస్టర్ తగ్గిస్తే ఆ చిరుగే చిన్నగా వినపడుతుంది. గుర్తు పెట్టుకోవాల్సింది ఇదే: చిరుగు ఏ మెట్టు దగ్గర పుట్టిందో ఆ మెట్టు దగ్గరే సరిచేయాలి.

తలకిందుల తప్పు కూడా జరుగుతుంది. రికార్డు ప్లేయర్ పిన్ను లైన్‌లో పెడితే పాట ఎక్కడో పక్క వీధిలోంచి వస్తున్నట్టు సన్నగా, బేస్ లేకుండా వినపడుతుంది. ప్లేయర్‌తో వచ్చే సన్నటి ఎర్త్ తీగను మిక్సర్ వెనక ఉన్న జీఎన్‌డీ మర కింద బిగించకపోతే హమ్మింగ్ మొదలవుతుంది. ఫోనో సంగతి ఇంతటితో చాలు. మన ఫంక్షన్లలో రికార్డు ప్లేయర్ వాడేవాళ్ళు అరుదు, ఆ మీట లైన్ వైపు ఉందో లేదో చూసుకోవడమే మన పని.

వెనక పలక

విశాఖ డాబాగార్డెన్స్‌లో ఏ ఎలక్ట్రానిక్స్ కొట్టుకెళ్ళినా వాళ్ళ భాష తెలిస్తే పని తేలిక. ఫోన్‌కి పెట్టే 3.5 మిల్లీమీటర్ల పిన్నును ఈపీ పిన్ను అంటారు, గిటారుకి పెట్టే 6.35 మిల్లీమీటర్లదాన్ని పీ-38 అంటారు. మైకు వైరుకుండే మూడు కాళ్ళ పిన్నును ఎక్స్‌ఎల్‌ఆర్ అని అడిగినా ఇస్తారు గానీ బాక్సులవాళ్ళ నోట అది కెనన్ పిన్నే. ఎరుపు, తెలుపు జంట ఆర్‌సీఏ. ఎరుపు కుడి, తెలుపు ఎడమ.

ఫోనుకో లాప్‌టాప్‌కో కావలసింది ఒక వైపు ఈపీ స్టీరియో, రెండో వైపు రెండు ఆర్‌సీఏలు ఉన్న వైరు. పొడవు మూడు మీటర్లు దాటనివ్వకండి, ఇలాంటి వైరు పొడుగయ్యే కొద్దీ లైట్ల డిమ్మర్ల గీర (గరగర శబ్దం) కూడా లోపలికొస్తుంది. దూరం పోవాలంటే కెనన్ వైరే. అందులో ఒకటో కాలు ఎర్త్. రెండో కాలు మీద పాట, మూడో కాలు మీద అదే పాట తలకిందులుగా వెళ్తాయి. అవతలి యంత్రం రెండింటి మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది. దారిలో పట్టిన గీర రెండు తీగల మీదా ఒకేలా ఉంటుంది కాబట్టి తేడా తీసేసరికి అది పోతుంది.

ఈ ఏర్పాటుతోనే ఒక వింత తప్పు పుడుతుంది. మండపంలో సంగీత్ మొదలైంది, పాట మోగుతోంది, డప్పు వినపడుతోంది, తీగవాద్యాలు వినపడుతున్నాయి, పాడేవాళ్ళ గొంతు మాత్రం లేదు. ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు దాని ప్రతిధ్వని మాత్రం ఉంది. అందరూ పాటనే తిడతారు, ఎవరో కరోకే ఫైలు పెట్టారంటారు. పెట్టింది సరైన పాటే. ఎవరో ఈపీ స్టీరియో పిన్నుకు నేరుగా కెనన్ అంటించి వైరు తయారుచేశారు: ఎడమ తీగ రెండో కాలికి, కుడి తీగ మూడో కాలికి. అవతలి మిక్సర్ తన పని తాను చేసింది, రెండింటి తేడా తీసింది. గొంతు ఎడమలోనూ కుడిలోనూ ఒకే మోతాదులో ఉంటుంది కాబట్టి తేడా సున్నా. బేస్ కూడా చాలావరకు అలాగే పోతుంది. ఒక పక్కకే ఉన్న వాద్యాలు మిగులుతాయి. రెండు చివర్లా పీ-38 స్టీరియో ఉన్న వైరును ఒకే బ్యాలెన్స్‌డ్ (ఇలా రెండు తీగల తేడా తీసే) ఇన్‌పుట్‌లో గుచ్చినా జరిగేది ఇదే. అక్కడికక్కడ పరీక్షించాలంటే పిన్నును సగం బయటికి లాగి చూడండి, గొంతు తిరిగొస్తే అనుమానం అక్కర్లేదు. అలా సగం లాగి నడిపేద్దామని మాత్రం అనుకోవద్దు, ఎవరి కాలో తగిలితే ‘ఠప్’మని బాక్సు మీద పడుతుంది. నిజంగా మోనో వైరే కావాలంటే ఎడమ, కుడి తీగలకు ఒక్కోదానికి 1 కిలో ఓం రెసిస్టర్ పెట్టి, రెండింటినీ కలిపి రెండో కాలికి వేయండి, మూడో కాలిని ఎర్త్‌తో కలపండి. రెసిస్టర్ లేకుండా రెండు తీగలూ మెలిపెడితే ఒక చానల్ ఇంకో చానల్‌లోకి తోసుకుంటుంది.

బయటికెళ్ళే వైపు మూడు దారులుంటాయి. మాస్టర్ కెనన్ జంట పెద్ద బాక్సులకు. బూత్ మీ పక్కన పెట్టుకునే బాక్సుకు. రెక్ రికార్డు చేసుకోవడానికి, చాలా మిక్సర్లలో మాస్టర్ నాబ్ తిప్పినా దీని మోత మారదు. సౌండ్ సిస్టంవాళ్ళకు వైరు అందించేటప్పుడు రెండు మాటలు అడగండి: “అన్నా, ఇది లైన్‌లోనే పెట్టారా? ఆ చానల్ మీద ఫాంటమ్ ఆపేశారా?” కెనన్ కనపడగానే మైకు దారిలో గుచ్చడం అలవాటు. మైకు మట్టం మిల్లీవోల్టుల్లో ఉంటుంది, మీ మాస్టర్ వోల్టు దాటి ఇస్తుంది. లైన్ దారి ఖాళీ లేదంటే ప్యాడ్ (వచ్చే మట్టం తగ్గించే మీట) నొక్కమనండి. ఫాంటమ్ అంటే కండెన్సర్ మైకులకు అదే వైరులో పంపే 48 వోల్టులు. మీ మిక్సర్‌కి దానితో పని లేదు, కొన్నిటికి ప్రమాదం కూడా.

బూత్ ఎందుకంటే, శబ్దం మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. రుషికొండ, భీమిలి వైపు ఇసుకలో వేసే స్టేజీల దగ్గర పెద్ద బాక్సులు 15 మీటర్ల అవతల ఉంటే దెబ్బ మీ చెవికి 44 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 120 బీట్ల పాటలో బీటుకీ బీటుకీ మధ్య 500 మిల్లీసెకన్లే. హెడ్‌ఫోన్‌లో కలిపిన రెండు పాటలు బయట కలవనట్టు అనిపించేది ఇందుకే.

గెయిన్

దీన్ని తొందరపడి దాటకండి. గెయిన్, చానల్ ఫేడర్, మాస్టర్ మూడూ మోత పెంచేవే అనిపిస్తుంది, పనులు మాత్రం వేరు. గెయిన్ పాటను మిక్సర్‌కి సరిపడా మట్టానికి తెస్తుంది. ఫేడర్ మీరు ఆడుకునేది. మాస్టర్ హాలును బట్టి పెట్టేది.

మొదట ఫోన్‌లో ఈక్వలైజర్, బేస్ బూస్ట్ ఆపేయండి. ఫోన్ వాల్యూమ్ పూర్తి మట్టానికి ఒకటి రెండు గీతలు తక్కువ పెట్టండి. మిక్సర్‌లో ఫేడర్ కింద, మాస్టర్ కింద, ఈక్యూ నాబులు మూడూ 12 గంటల దిక్కుకి. ఇప్పుడు పాటను మొదటినుంచి కాకుండా అన్నిటికంటే గట్టిగా మోగే చోట పెట్టండి, మన పాటల్లో అది సాధారణంగా చివరి చరణం తర్వాత వచ్చే పల్లవి. చానల్ మీటర్ (మట్టం చూపే దీపాల వరుస) చూస్తూ గెయిన్ తిప్పండి. దెబ్బ పడ్డప్పుడల్లా 0 దగ్గరికి రావాలి, అప్పుడప్పుడు పసుపు ఒకటి వెలిగి ఆరాలి. ఎరుపు అసలు వద్దు. ఆ తర్వాతే ఫేడర్ పైకి, ఆఖరున మాస్టర్ మెల్లగా.

పల్లవి దగ్గర కాకుండా నెమ్మదైన మొదలు దగ్గర గెయిన్ పెట్టినవాళ్ళకు రెండు నిమిషాల తర్వాత ఎరుపు తప్పదు. ఎనభైల పాట వెనక నిన్నమొన్నటి మాస్ పాట వేసినా అంతే. కొత్త పాటల్ని రికార్డింగ్‌లోనే బాగా నొక్కి, గట్టిగా తయారుచేస్తారు. కాబట్టి పాట మారినప్పుడల్లా గెయిన్ చూడాల్సిందే. ఒకసారి పెట్టి వదిలేసే నాబ్ కాదది.

ఎరుపు వెలిగితే ఏమవుతుంది? అల తల, అడుగు కత్తిరించినట్టు చదునవుతుంది. ఆ చదును అంచుల్లో పాటలో లేని పై స్వరాలు పుడతాయి, అవి నేరుగా ట్వీటర్ (సన్నటి శబ్దాలు మోగించే చిన్న స్పీకర్) మీదికెళ్తాయి. బరాత్‌లో ట్వీటర్లు మాడిపోయేది చాలాసార్లు ఇలాగే. ఎరుపు చానల్ మీటర్ మీద ఉంటే గెయిన్ తగ్గించండి. చానల్ పచ్చగా ఉండి మాస్టర్ ఎర్రగా ఉంటే మాస్టర్. రెండూ పచ్చగా ఉన్నా బాక్సులో చిరుగు ఉంటే తప్పు మీ దగ్గర లేదు, యాంప్లిఫైయర్ వైపు చూడమనండి.

ఈక్యూ గురించి ఇప్పటికి ఒక్క మాట. చాలా మిక్సర్లలో ఈ నాబులు పెంచితే 6 డెసిబెల్స్, తగ్గిస్తే 26 దాకా పోతాయి. తయారుచేసినవాళ్ళే తగ్గించుకోమని చెప్తున్నట్టు లెక్క. లో (బేస్) నాబ్ 6 డెసిబెల్స్ పెంచడమంటే బేస్ వోల్టేజీ రెట్టింపు చేయడం, అప్పుడు గెయిన్ మళ్ళీ చూసుకోవాలి. క్రాస్‌ఫేడర్‌ని పెళ్ళి పనుల్లో పక్కన పెట్టేయవచ్చు. చానల్‌ను క్రాస్‌ఫేడర్‌కి కలిపే మీటను త్రూ (క్రాస్‌ఫేడర్‌తో పనిలేకుండా నేరుగా వెళ్ళే దారి) మీద ఉంచితే, చెయ్యి తగిలి పాట ఆగిపోయే గొడవ ఉండదు.

ఉప్పుగాలి

విశాఖలో సామాను నడిపేవాళ్ళకు ఇంకో శత్రువు ఉంది. బీచ్ రోడ్డు మీద ఒక సీజన్ నడిచిన ఆర్‌సీఏ సాకెట్లు మసకబారతాయి, ఒక పక్క మాత్రమే పాట రావడం, పిన్ను తిప్పితే రెండోది రావడం దాని గుర్తు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడవండి, పిన్నుల్ని నాలుగైదుసార్లు పెట్టి తీయండి. ఫేడర్ గీరితే ఫేడర్ల కోసం అమ్మే క్లీనరే కొట్టాలి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే కొడితే ఆ రోజుకు బాగుపడినట్టుంటుంది, తర్వాత దుమ్ము, ఇసుక దానికే అంటుకుంటాయి. ఏసీ కారులోంచి దించిన మిక్సర్‌ని వెంటనే ఆన్ చేయకండి. చల్లటి రేకు మీద సముద్రపు తేమ నీరై పట్టుకుంటుంది, అరగంట ఆగండి.

లాప్‌టాప్ చార్జర్ పెట్టగానే హమ్మింగ్ వచ్చి, తీయగానే పోతే అది ఎర్త్ లూప్, అంటే రెండు యంత్రాల ఎర్త్‌లు రెండు దారుల్లో కలిసి చుట్టు ఏర్పడడం. మిక్సర్, లాప్‌టాప్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులోంచి తీసుకోండి. అప్పటికీ పోకపోతే పాట వెళ్ళే వైరు మధ్యలో ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ప్లగ్గు ఎర్త్ కాలు విరిచేసి హమ్ పోగొట్టేవాళ్ళున్నారు. 230 వోల్టుల జనరేటర్ దగ్గర, తడి ఇసుకలో నిలబడి చేసే పని కాదది.

ఆన్ చేసేటప్పుడు మిక్సర్ ముందు, యాంప్లిఫైయర్లు ఆఖరున. ఆపేటప్పుడు యాంప్లిఫైయర్లు ముందు. తారుమారైతే మిక్సర్ కొట్టే ‘ఢబ్’ పూర్తి బలంతో బాక్సు కోన్ మీద పడుతుంది. రాత్రి 10కి లౌడ్‌స్పీకర్ ఆపాలని ఎవరైనా వచ్చి హడావుడి పెట్టినా ముందు మాస్టర్ కిందికి, తర్వాత యాంప్లిఫైయర్, ఆ తర్వాతే మిక్సర్.

ఈ వారం అభ్యాసం: ఒక పాత పాట, ఒక కొత్త మాస్ పాట, ఒక నాదస్వరం రికార్డింగ్ తీసుకోండి. ఒక్కోదానికి గట్టి చోటు వెతికి, గెయిన్ నాబ్ ఏ గంట దిక్కున ఆగిందో రాసుకోండి. తర్వాత బయటి బాక్సులు ఆపేసి, హెడ్‌ఫోన్, క్యూ మీటతో (ఆ చానల్‌ను హెడ్‌ఫోన్‌లో వినిపించేది) మూడూ ఒకే మోతలో వినపడుతున్నాయో లేదో చూడండి. నాదస్వరం మీటర్‌లో తక్కువ చూపించినా చెవికి గట్టిగా తగులుతుంది. ఎందుకో ఆలోచించి ఉంచండి, మూడో పాఠం క్యూ, ఈక్యూల మీద, అక్కడినుంచే మొదలు.