పెద్ద పర్వతం ఎక్కాలంటే సీజన్, వాతావరణం ఎలా చూసుకోవాలి?

మన వైజాగ్‌లో చాలామంది ముందు ఆఫీసులో లీవు పెట్టేసి, ఆ తర్వాత ఏ పర్వతం ఎక్కుదామా అని వెతుకుతారు. పాడేరు దగ్గరి వంజంగి కొండకైతే అలా చెల్లుతుంది గానీ ఐదారు వేల మీటర్ల దగ్గర చెల్లదు. ముందు పర్వతం, తర్వాత నెల, ఆ తర్వాతే లీవు.

1. నెల ఎంచుకోండి

ఆఫ్రికాలోని కిలిమంజారోకి జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి, లేదంటే జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా. మార్చి చివరి నుంచి మే వరకు అక్కడ పెద్ద వానలు కాబట్టి మన వేసవి సెలవులకి అది అస్సలు కుదరదు. రష్యాలోని ఎల్‌బ్రస్‌కి జూలై, ఆగస్టు. అర్జెంటీనాలోని అకొంకాగువా దక్షిణార్ధగోళంలో ఉంది, అక్కడి వేసవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. హిమాచల్, ఉత్తరాఖండ్ వైపు మే నుంచి జూన్ మధ్య వరకు, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు వరకు వెళ్లొచ్చు. మధ్యలో వానలకి కొండచరియలు పడి రోడ్లే మూసుకుపోతాయి. జూలై, ఆగస్టుల్లో తప్ప లీవు దొరకదంటే లద్దాఖ్ చూడండి, హిమాలయాల వెనకపక్క ఉంది కాబట్టి నైరుతి మేఘాలు అక్కడిదాకా పెద్దగా చేరవు.

ఎవరెస్ట్‌ని అందరూ మే నెలలోనే ఎందుకు ఎక్కుతారంటే, శిఖరం మీద హోరున వీచే జెట్ స్ట్రీమ్ అనే పైఎత్తు గాలుల ప్రవాహం అప్పుడు ఉత్తరానికి జరుగుతుంది, వర్షాలేమో ఇంకా మొదలవ్వవు. ఆ సందులో దొరికేవి కొద్ది రోజులే. తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ ఆ శిఖరం చేరింది కూడా 2014 మే 25నే.

2. బంగాళాఖాతం మీద ఓ కన్నేయండి

సీజన్ మంచిదైనంత మాత్రాన ఆ వారం మంచిదని కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన మీద పడిన సంగతి ఇక్కడ ఎవరూ మర్చిపోరు. రెండు రోజుల తర్వాత అదే తుపాను మిగులు నేపాల్‌లో అన్నపూర్ణ ప్రాంతానికి చేరి, 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ దగ్గర మంచు తుపానుగా విరుచుకుపడింది, ఆ చుట్టుపక్కల నలభై మందికి పైగా చనిపోయారు. అక్టోబరంటే అక్కడ ట్రెక్కింగ్‌కి అసలైన సీజన్! అందుకే నేపాల్ వెళ్తుంటే బయల్దేరే ముందు, దారిలోనూ వాతావరణ శాఖ బులెటిన్ చూస్తుండండి. అల్పపీడనం వాయుగుండంగా మారుతోందని ఉంటే, అది ఎటు వెళ్తుందో తేలేదాకా కనుమ దాటొద్దు.

3. గాలి ఎంతుందో శిఖరం ఎత్తులో చూడండి

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ఫోన్‌లో మనాలి అని కొడితే సూర్యుడి బొమ్మ, పద్దెనిమిది డిగ్రీలు కనబడతాయి, అది ఊరి వాతావరణం. విండీ లాంటి యాప్‌లో పక్కనున్న ఎత్తు గీతని 500 హెచ్‌పీఏకి (అది గాలి పీడనం కొలత), అంటే దాదాపు 5,500 మీటర్లకి జరిపితే, కింద ఆకు కదలని రోజునే పైన గంటకు అరవై కిలోమీటర్ల గాలి ఉండొచ్చు. నా లెక్కలో నలభై దాటితే ఆలోచించాలి, యాభై దాటితే టెంట్‌లోనే ఉండాలి. చలి సంగతికొస్తే వెయ్యి మీటర్లకి సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది, గాలి కలిస్తే ఒంటికి ఇంకా ఎక్కువ తెలుస్తుంది. మూడు నాలుగు రోజులకి మించిన ఫోర్‌కాస్ట్‌ని పెద్దగా నమ్మకండి.

4. అర్ధరాత్రి బయల్దేరండి

రాత్రంతా గడ్డకట్టిన మంచు గట్టిగా ఉంటుంది, ఎండెక్కాక మెత్తబడి కాళ్లు దిగబడతాయి, మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముతాయి. వెనక్కి తిరగాల్సిన టైమ్ ముందే అనుకోండి, శిఖరం కళ్లముందే ఉన్నా ఆ టైమ్ అయిందంటే దిగిపోవడమే.

5. ఖాళీ రోజులు ఉంచుకోండి

కనీసం రెండు. ప్యాకేజీలో అవి లేకపోతే అడిగి పెట్టించుకోండి, ఎంత చవకైనా సరే రోజులు బిగించేసిన ప్యాకేజీ నేనైతే తీసుకోను. తిరుగు ఫ్లైట్ టికెట్ కూడా తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి.