మడతపెట్టే టచ్ లాప్‌టాప్: కొనేముందు ఏం చూడాలి, కొన్నాక ఎలా వాడాలి

టచ్ లాప్‌టాప్ కొందామని షాపుకి వెళ్తే సేల్స్ అబ్బాయి మొదలుపెట్టేది ప్రాసెసర్‌తోనే, మనం అడిగేది కూడా అదే, ఐ5 ఆ ఐ7 ఆ అని. తెరని వెనక్కి తిప్పి టాబ్‌లాగా వాడుకునే ఈ మడతపెట్టే లాప్‌టాప్‌కి మాత్రం ఆ ప్రశ్న మూడోదో నాలుగోదో అవ్వాలి. మొదటి ప్రశ్న ఏంటంటే, దాన్ని మడిచి మీరు ఏం చేస్తారు? పెన్నుతో రాస్తారా, పీడీఎఫ్‌ల మీద సంతకాలు పెడతారా, ఇరుకు సీట్లో కూర్చుని చదువుకుంటారా, పక్కవాళ్ళకి స్క్రీన్ తిప్పి చూపించే పని ఉందా. ఇందులో ఒక్కదానికీ అవును అని రాకపోతే మామూలు లాప్‌టాప్ కొనుక్కోండి, అదే డబ్బుకి ఇంకొంచెం మంచిది వస్తుంది, బరువు కూడా తగ్గుతుంది.

నా సంగతి చెప్తా. ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను, గుంటూరులో కాలేజీ, సాయంత్రాలు ఆన్‌లైన్ క్లాసులు, నెలకి రెండుసార్లు పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ ప్రయాణం. నా బోర్డు, నోట్సు, పేపర్లు దిద్దే బల్ల అన్నీ ఈ లాప్‌టాపే, ఇప్పుడు వాడుతున్నది రెండోది. మొదటిది కొన్నప్పుడు పెద్ద స్క్రీన్ అయితే రాసుకోడానికి బాగుంటుంది కదా అని 15.6 ఇంచులది తీసుకున్నా, దాదాపు రెండు కిలోలు, మడిచి చేత్తో పట్టుకుంటే పది నిమిషాలకే మణికట్టు లాగేసేది. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా 13 లేదా 14 ఇంచులే అంటాను, ఒకటిన్నర కిలో దాటకూడదు, 1.3 దగ్గర ఉంటే ఇంకా మంచిది. అంతున్నా టాబ్‌లాగా ఒంటి చేత్తో పట్టుకుని చదవడం కుదరదు, ఒళ్ళోనో దిండు మీదో పెట్టుకోవాల్సిందే.

ఇందులో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి కీబోర్డు వెనక్కి పూర్తిగా 360 డిగ్రీలు తిరిగేది, 2012లో విండోస్ 8తో పాటు లెనోవో యోగా వచ్చాక బాగా వాడుకలోకి వచ్చింది, హెచ్‌పీ ఎక్స్360, ఆసుస్ ఫ్లిప్ లాంటివన్నీ ఈ కోవే. రెండోది మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ప్రో లాగా కీబోర్డు ఊడి వచ్చేది. రెండోది టాబ్‌గా చాలా తేలిక, కానీ వెనక ఒక స్టాండు చాపి నిలబెట్టాలి, దానికి ఒళ్ళో చోటు కావాలి, బస్సులోనో బెర్తు మీదో కూర్చుని టైప్ చెయ్యాలంటే తిప్పలే. కీబోర్డు విడిగా కొనాలా, డబ్బాలోనే వస్తుందా అని కూడా అడగండి, చాలాసార్లు విడిగానే. రోజూ నాలుగైదు గంటలు టైపింగ్ ఉంటే 360 రకమే మేలు.

ఇక పెన్ను. మనవాళ్ళు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే అని నా నమ్మకం. టచ్ ఉంది కదా పెన్ను కూడా పనిచేస్తుందిలే అనుకుంటాం, కాదు. వేలికి స్పందించే స్క్రీన్ వేరు, పెన్నుని గుర్తుపట్టే స్క్రీన్ వేరు. చివర రబ్బరు బొడిపె ఉన్న చవక పెన్ను ఏ టచ్ స్క్రీన్ మీదైనా గీస్తుంది కానీ అది వేలికి బదులే, చెయ్యి ఆనిస్తే చెయ్యి కూడా గీసేస్తుంది. కావాల్సింది యాక్టివ్ పెన్, ఎంత నొక్కితే అంత లావు గీత పడేది, అరచెయ్యి ఆనినా పట్టించుకోనిది. అందులోనూ భాషలు వేరువేరు, కొన్ని లాప్‌టాప్‌లు మైక్రోసాఫ్ట్ పెన్ ప్రోటోకాల్‌వి, కొన్ని వాకమ్‌వి, క్రోమ్‌బుక్‌లకి యూఎస్ఐ అని ఇంకోటి, మామూలుగా ఒకదాని పెన్ను ఇంకోదానికి పనిచెయ్యదు. నేను మొదటిసారి ఆన్‌లైన్‌లో రేటింగ్ చూసి ఒక పెన్ను తెప్పించా, నా స్క్రీన్ మీద చుక్క కూడా పడలేదు, తిరిగి పంపడానికి రెండు వారాలు పట్టింది. కాబట్టి లాప్‌టాప్ మోడల్ నంబరు పూర్తిగా, చివరి అక్షరాలతో సహా రాసుకుని, కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కి ఏ పెన్ను అని చూసి అదే కొనండి. అదే పేరుతో వచ్చిన రెండు మోడళ్ళలో ఒకదానికి పెన్ను సపోర్ట్ ఉండి ఇంకోదానికి లేకపోవచ్చు.

పెన్నుకి చార్జింగ్ ఎలా అన్నది కూడా చూస్కోండి. చాలా పెన్నుల్లో క్వాడ్రపుల్ ఏ అనే సన్నటి బ్యాటరీ పడుతుంది, మనం గోడగడియారంలో, రిమోట్‌లో వేసేది కాదు, దానికన్నా సన్నం, మామూలు కిరాణా కొట్లో దొరకదు. క్లాసు మధ్యలో అయిపోతే అంతే సంగతులు. యూఎస్‌బీ సీ తో చార్జ్ అయ్యేదో, లాప్‌టాప్‌లోనే దూర్చిపెట్టుకునేదో అయితే ఆ బాధ లేదు. సామ్‌సంగ్ గెలాక్సీ బుక్ 360ల ఎస్ పెన్‌కైతే బ్యాటరీయే అక్కర్లేదు.

షాపులో డెమో పీసు ఉన్నచోటికే వెళ్ళండి. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్‌లో ధర బాగా తగ్గించొచ్చు కానీ అక్కడ చాలా కొట్లలో సీలు తియ్యకుండానే డబ్బా ఇస్తారు, అందుకని ముందు పెద్ద షోరూంలో అదే మోడల్‌ని చేత్తో చూసి తర్వాత బేరానికి వెళ్ళడం నయం. చూడాల్సింది ఇలా చూడండి. మామూలుగా తెరిచి స్క్రీన్ మీద మధ్యలో వేలితో నాలుగుసార్లు గట్టిగా తట్టండి, అద్దం ఊగి ఊగి ఆగుతుంటే కీలు మెత్తగా ఉన్నట్టు, కొత్తదే అలా ఉంటే రెండేళ్ళకి ఎలా ఉంటుందో ఆలోచించండి. తర్వాత పూర్తిగా వెనక్కి మడిచి రెండు చేతుల్తో పట్టుకోండి, కింద వేళ్ళకి కీబోర్డు మీటలు తగులుతాయి, అప్పుడు కీబోర్డు దానంతటదే ఆగిపోవాలి, తెర మీద ఏ అక్షరమూ పడకూడదు. రెండు భాగాలూ అయస్కాంతంతో అతుక్కుని ఉన్నాయా, జారిపోతున్నాయా అన్నదీ చూడండి.

పెన్ను దొరికితే రెండు పరీక్షలు. ఒక స్కేలు పెట్టి మూల నుంచి మూలకి నెమ్మదిగా గీత గియ్యండి, ఎంత నెమ్మదిగా అంటే మీకే విసుగొచ్చేంత. మంచి స్క్రీన్ అయితే గీత తిన్నగా వస్తుంది, నాసిదైతే అలల్లాగా వంకరలు పోతుంది. రెండోది తెలుగు రాయడం. ఇంగ్లీషు అక్షరాలు ఎలాగోలా వచ్చేస్తాయి కానీ మన వొత్తులు, గుడులు, తలకట్లు చిన్నవి కదా, "స్త్రీ", "క్ష్మ", "జ్ఞానం" చిన్న అక్షరాల్లో వరసగా రాసి చూడండి, వొత్తు వొత్తులాగా ఉందా లేక ముద్దయిపోయిందా. నా పాత లాప్‌టాప్‌లో ఒక అమ్మాయి క్లాసులో "మేడమ్, అది వేగమా, ఫ్రీక్వెన్సీయా" అని అడిగింది, వేగానికి రాసే వీ (v) కి, ఫ్రీక్వెన్సీకి రాసే గ్రీకు అక్షరం న్యూ (ν) కి తేడా కనపడట్లేదు మరి. ఆ రెండూ కలిసిపోతే పిల్లలు లెక్క మొత్తం తప్పు ఎక్కించుకుంటారు, అందుకే దీని మీద నాకంత పట్టింపు.

తెర విషయంలో, టచ్ స్క్రీన్లు అద్దంలా మెరుస్తాయి, కిటికీ పక్కన కూర్చుంటే మన మొహమే కనపడుతుంది. వెలుతురు నిట్స్‌లో కొలుస్తారు, 250 నిట్స్ ది ఇంట్లోకి సరిపోతుంది గానీ రైల్లో పగటి పూట అవస్థ, 400 దాకా ఉంటే మంచిది. ఆకారం (వెడల్పు, ఎత్తుల లెక్క) 16:9 కన్నా 16:10 తీసుకోండి, నిలువుగా తిప్పితే కాగితంలాగా ఉంటుంది.

ర్యామ్ 16 జీబీ తీసుకోండి, వీటిల్లో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, తర్వాత పెంచుకుందాంలే అనుకోడానికి లేదు. ఫైళ్ళు దాచే ఎస్ఎస్‌డీ చాలావాటిలో మార్చుకోవచ్చు, 512 జీబీతో మొదలుపెట్టినా ఫర్వాలేదు. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్‌వి బ్యాటరీ బాగా ఇస్తున్నాయి, ఫ్యాను గోల కూడా తక్కువ, కానీ అవి ఇంటెల్‌వాటికన్నా వేరైన ఏఆర్‌ఎమ్ రకం, బయట తగిలించే పరికరాలు పనిచెయ్యాలంటే వాటికోసం ప్రత్యేకంగా రాసిన డ్రైవర్లు (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) కావాలి. మీరు ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తూ డిజిటల్ సంతకం టోకెన్ వాడేవాళ్ళయితేనో, పాత ప్రింటరో వేలిముద్ర మిషనో తగిలించేవాళ్ళయితేనో, దానికి ఏఆర్‌ఎమ్ డ్రైవర్ ఉందని కనుక్కున్నాకే కొనండి. సెకండ్ హ్యాండ్ చూసేవాళ్ళు విండోస్ 11 పడుతుందో లేదో తప్పకుండా చూడండి, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఇంటెల్ అయితే 8వ జనరేషన్ కన్నా పాతవాటిలో దాదాపు వేటినీ కొత్త విండోస్ అధికారికంగా ఒప్పుకోదు.

వారంటీలో ఒక్క మాట, వీటిల్లో పై అద్దమూ లోపలి డిస్‌ప్లే కలిపి అతికించి ఉంటాయి, అద్దం పగిలితే చాలాసార్లు మొత్తం మార్చాలి, ఆ ఖర్చు వింటే కళ్ళు తిరుగుతాయి. మామూలు వారంటీలో పగలడం కవర్ కాదు. యాక్సిడెంటల్ డ్యామేజ్ అని విడిగా ఉంటుంది, కొన్న కొత్తలోనే తీసుకోవాలి. ప్రయాణాలు చేసేవాళ్ళు దీని దగ్గర పొదుపు చెయ్యొద్దు. జీఎస్టీ నంబరు ఉంటే బిల్లు దానిమీదే రాయించుకోండి, 18% ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది.

ఇంటికొచ్చాక మొదటి పని, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో రికవరీ కీ ఎక్కడుందో చూసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. చాలా కొత్త లాప్‌టాప్‌లలో డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయి (తాళం పడినట్టు) ఉంటుంది, ఎప్పుడైనా రిపేరుకిచ్చినప్పుడు ఆ కీ అడిగితే మన దగ్గర లేకపోతే ఫైళ్ళన్నీ పోయినట్టే. తర్వాత సెట్టింగ్స్‌లో తెలుగు భాష కలిపి ఫోనెటిక్ కీబోర్డు పెట్టుకోండి, అది విండోస్‌లోనే వస్తుంది, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే తెలుగుకీ ఇంగ్లీషుకీ మారుతుంది. మడిచినప్పుడు స్క్రీన్ ఊరికే అటూ ఇటూ తిరిగి విసిగిస్తే విండోస్ కీ, ఏ (A) కలిపి నొక్కి రొటేషన్ లాక్ వెయ్యండి, మామూలుగా తెరిచి ఉన్నప్పుడు ఆ బటన్ మసకగా ఉంటుంది, పాడైందనుకోకండి, మడిచాకే పనిచేస్తుంది. తెర మీద మూడు వేళ్ళతో పైకి తోస్తే తెరిచినవన్నీ కనపడతాయి, కిందకి లాగితే డెస్క్‌టాప్ వస్తుంది, ఈ రెండూ అలవాటైతే మౌస్ అవసరం సగం తగ్గిపోతుంది.

ఏ భంగిమలో ఏ పని అన్నది చెప్తా. గుడారంలాగా నిలబెడితే సినిమాకి, వంట చూసి చేసుకోడానికి బాగుంటుంది, చోటు తక్కువ పడుతుంది, కానీ అప్పుడు కెమెరా కిందకి వెళ్ళిపోతుంది, వీడియో కాల్‌లో మన గడ్డం కనపడుతుంది. కాల్స్‌కి కీబోర్డుని బల్ల మీద బోర్లా పెట్టి తెర మనవైపు నిలబెట్టండి, కెమెరా పైనే ఉంటుంది, కీబోర్డు అడ్డం లేకపోవడంతో తెర దగ్గరికొస్తుంది. కాకపోతే బల్ల మీద టీ మరక ఉందేమో ముందు తుడవండి, నేనైతే ఒక చేతిరుమాలు పరిచి దానిమీద పెడతా. రాయడానికి మాత్రం ఆ భంగిమలేవీ వద్దు, నొక్కిన ప్రతిసారీ ఊగుతుంది. పూర్తిగా మడిచి బల్ల మీద పడుకోబెట్టి, వెనక అంచు కింద ఒక నోట్‌బుక్ పెట్టి కొంచెం ఏటవాలు చెయ్యండి, గాలి కన్నాలు మూసుకోకుండా చూస్కోండి. వన్‌నోట్, వైట్‌బోర్డ్ రెండూ మామూలు అవసరానికి ఉచితమే, పీడీఎఫ్ మీద దిద్దడానికి నేను జోర్నల్ ప్లస్ ప్లస్ (Xournal++) వాడతా, అదీ ఉచితమే, ఉత్త సంతకం పెట్టడానికైతే ఎడ్జ్ బ్రౌజర్‌లో పీడీఎఫ్ తెరిచి డ్రా నొక్కితే చాలు, ప్రింటు తీసి, సంతకం చేసి, మళ్ళీ స్కాన్ చేసే బాధ పోయింది.

ప్రయాణానికి యూఎస్‌బీ సీ చార్జింగ్ ఉన్నదే తీసుకోండి. 65 వాట్ల పీడీ (పవర్ డెలివరీ) చార్జర్ ఒకటి పెట్టుకుంటే ఫోనుకీ లాప్‌టాప్‌కీ అదే. పవర్ బ్యాంక్ కొనేటప్పుడు ఎంఏహెచ్ ఒక్కటే చూడొద్దు, లాప్‌టాప్‌కి 45 లేదా 65 వాట్లు ఇవ్వగలిగితేనే పనికొస్తుంది. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు, మధ్యలో పోయేది పోగా 60 వాట్ అవర్ల లాప్‌టాప్‌ని ఒకసారి కూడా పూర్తిగా నింపలేదు. విమానంలో పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వెయ్యనివ్వరు, 100 వాట్ అవర్లు దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. రైల్లో చాలా కోచ్‌లలో వచ్చేది 110 వోల్టులే, అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100-240 అని రాసి ఉంటే ఇబ్బంది లేదు, రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా ఆ ప్లగ్గులు ఆపేస్తారు, కాబట్టి రాత్రి బండి అయితే ఎక్కకముందే నింపుకోండి. పల్నాడు చైర్ కార్లో ముందు సీటు ట్రే మీద మామూలుగా తెరిస్తే ముందువాళ్ళు సీటు వాల్చగానే తెర నలుగుతుంది, అక్కడ మడిచి పేపర్లు దిద్దుకోవడమే సుఖం, నా మిడ్‌టర్మ్ పేపర్లు సగం నడికుడి దాటేసరికి అయిపోతాయి.

బ్యాటరీ ఇంట్లో ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంటే 80% దగ్గర ఆగేలా పెట్టండి, లెనోవోలో వాంటేజ్ యాప్‌లో, ఆసుస్‌లో మైఆసుస్‌లో ఉంటుంది, ఊరెళ్ళే ముందు రోజు మాత్రం తీసేసి నిండా చార్జ్ చెయ్యండి. మే నెలలో మన ఎండలకి కారులో వదిలెయ్యొద్దు, చాలా కంపెనీలు 35 డిగ్రీల లోపే వాడమని మాన్యువల్‌లో రాస్తాయి, మూసిన కారులో అంతకు ఎంతో ఎక్కువ ఉంటుంది. తెరిచేటప్పుడు మూల పట్టుకుని లాగొద్దు, పై అంచు మధ్యలో పట్టుకుని తెరవండి, మూల లాగడం అలవాటైతే ఒక వైపు కీలు ముందు వదులైపోతుంది. తెర తుడవడానికి కళ్ళజోడు గుడ్డ కొంచెం తడిపితే చాలు, కొలిన్ లాంటివి నేరుగా కొట్టొద్దు. రాసేటప్పుడు జారుతోందనిపిస్తే కాగితంలా గరుగ్గా ఉండే మ్యాట్ షీటు అంటించుకోవచ్చు, చేతికి హాయిగా ఉంటుంది కానీ పెన్ను మొన తొందరగా అరుగుతుంది. అరిగిన మొనతో రాస్తే షీటు మీద గీతలు పడతాయి, అందుకని పెన్ను కొన్నప్పుడే దానికి సరిపడే మొనల ప్యాకెట్ ఒకటి కొని సంచిలో వేసుకోండి.