పాత కారులో కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ను పరీక్షించే పద్ధతి
ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పాత పెట్రోలు కారు వేడెక్కాక కూడా నల్లటి పొగ వదులుతూ, మైలేజీ పడిపోయి, ఆపిన కాసేపటికి మళ్ళీ స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంటే, ముందుగా కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడిని కొలిచే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ను అనుమానించాలి. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని అది తప్పుగా చెబితే, ఇంజిన్ కంప్యూటర్ అవసరానికి మించి పెట్రోలు పంపుతుంది.

కొత్త సెన్సర్ కొనడానికి తొందరపడకండి. పాత బండ్లలో దోషం తరచుగా వైరింగ్‌లోనే ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఇగ్నిషన్ ఆపి, సాధారణంగా థర్మోస్టాట్ (కూలెంట్ ప్రవాహాన్ని నియంత్రించే వాల్వు) దగ్గర ఉండే సెన్సర్ రెండు పిన్నుల కనెక్టర్‌ను ఊడదీసి, పిన్నులకు పచ్చటి చిలుము పట్టిందేమో చూడండి. పక్కనే ఒంటి వైరుతో కనిపించేది చాలావరకు డాష్‌బోర్డు ముల్లుకు సంబంధించినది, దాని జోలికి పోనక్కరలేదు.

తర్వాత మల్టీమీటర్‌తో సెన్సర్ పిన్నుల మధ్య నిరోధం కొలవండి. చాలా కార్లలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 2,000 నుంచి 3,000 ఓమ్‌లు, 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓమ్‌లు వస్తాయి. కచ్చితమైన అంకెలకు ఆ మోడల్ సర్వీస్ మాన్యువలే ప్రమాణం. మన ఎండాకాలంలో చల్లారిన ఇంజిన్ కూడా 35 డిగ్రీల దగ్గర ఉంటుంది కనుక, 1,500 చుట్టుపక్కల చూపినా కంగారు పడనవసరం లేదు. సెన్సర్‌ను విప్పి, దాని కొనను థర్మామీటరు పెట్టిన నీటిలో ముంచి మెల్లగా వేడిచేస్తే అంకె క్రమంగా తగ్గాలి. మధ్యలో ఒక్కసారిగా ఎగిరితే సెన్సర్ చెడినట్టే. అంకెలు సరిగ్గా ఉంటే, ఇగ్నిషన్ ఆన్ చేసి వైర్ల వైపు కనెక్టర్‌లో సుమారు 5 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి. రాకపోతే వైరు తెగిందేమో వెతకాలి.