మీ సబ్జెక్టుకు తగ్గట్టు ప్రాజెక్టు రిపోర్టు రాయడం ఎలా?

నెల్లూరులో తెలుగు ఎం.ఏ. చదివే మా మేనల్లుడు జువాలజీ సీనియర్ రిపోర్టు ముందు పెట్టుకుని తిక్కన మీద వ్యాసం రాసుకొచ్చాడు. పద్ధతులు, ఫలితాలు, చర్చ అని అధ్యాయాలు. పద్యం మాత్రం ఒక్కటీ పూర్తిగా లేదు!

మొదట, మీ సబ్జెక్టులో దేన్ని రుజువుగా ఒప్పుకుంటారో తేల్చుకోండి. ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల గుంట ఉందనుకుందాం. ఆక్వా విద్యార్థికి నీటి ఉప్పదనం, పీహెచ్ అంకెలే రుజువు. ఇంకొకరు అలాగే కొలిచి సరిచూసుకోవాలి కాబట్టి పద్ధతులు, ఫలితాలు విడగొట్టి రాస్తాడు. ఎకనామిక్స్ వాళ్లకు మేత ఖర్చు, కౌంటు రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి పలికే ధర), ఎంతమంది రైతులను అడిగారన్నది కావాలి. లా విద్యార్థి తీరంలో రొయ్యల సాగుపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దగ్గర మొదలుపెడతాడు. గుంట ఒకటే, రిపోర్టులు మూడు.

తర్వాత, ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పే తీరు చూడండి. సైకాలజీలో ఎక్కువగా ఏపీఏ (అమెరికా సైకాలజిస్టుల సంఘం) పద్ధతి: రచయిత పేరు, పక్కన సంవత్సరం. పరిశోధన ఎంత కొత్తదో వెంటనే తెలియాలి కదా. సాహిత్యంలో వాడే ఎంఎల్ఏలో (మన ఎమ్మెల్యే కాదు, మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ పద్ధతి!) పేరు, పేజీ నంబరు. అక్కడ మాట ఎక్కడుందన్నదే ముఖ్యం. తిక్కన పద్యానికైతే పేజీ కంటే పర్వం, ఆశ్వాసం, పద్యం సంఖ్య ఇవ్వడం మేలు. ముద్రణ మారితే పేజీలు మారిపోతాయి. ఇంజనీరింగ్‌లో ఐఈఈఈ (ఇంజనీర్ల సంస్థ) ప్రకారం చదరపు బ్రాకెట్లో అంకె. చరిత్రకు ఫుట్‌నోట్లు.

ఇక క్రియలు. ప్రయోగంలో జరిగింది భూతకాలంలో రాయాలి: "ఉప్పదనం తగ్గింది". కావ్యం గురించైతే "ద్రౌపది భీముడితో మొరపెట్టుకుంటుంది" అన్నా చెల్లుతుంది. "కొలవబడినది" అని రాస్తేనే సైన్సు అవుతుందని కొందరి భ్రమ. "కొలిచాం" అంటే చాలు, మీ గైడ్ ఒప్పుకుంటే.

చివరగా, మీ డిపార్ట్‌మెంట్‌లోనే ఈమధ్య ఓకే అయిన రిపోర్టులు రెండు అడిగి తెచ్చుకోండి. ముందు చివరి పేజీల్లోని పుస్తకాల జాబితా తిప్పండి, కామా ఎక్కడ పెట్టారో సహా. మావాడు అదే చేశాడు. ఇప్పుడు వాడి మొదటి పేజీలో విరాటపర్వం పద్యం మొత్తం ఉంది.