తాతల నాటి యుద్ధవిమానం ఫొటో దొరికిందా? కథ ఇలా వెతకండి

నల్గొండలోనో, పాలమూరులోనో పాత ఇంటి ట్రంకుపెట్టెలో విమానం పక్కన నిలబడ్డ తాత ఫొటో దొరికితే, అది అద్దానికి అతుక్కుని ఉంటే మాత్రం పీకకండి, అద్దంతోనే స్కాన్ చేయించండి. విడిగా ఉంటే వెనకవైపు కూడా తీయించండి, స్టూడియో ముద్ర, సెన్సార్ ముద్ర, పెన్సిల్ రాత అక్కడే ఉంటాయి.

తర్వాత మనిషిని వదిలేసి విమానాన్ని చూడండి. బ్రిటిష్ విమానాల గుండ్రటి గుర్తు మధ్యలో మామూలుగా ఎరుపు ఉండేది. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ వాళ్ల ఎర్ర సూర్యుడని పొరబడి సొంతవాళ్లే కాల్చేస్తారని ఇండియా, బర్మా వైపు ఆ ఎరుపు తీసేసి, ముదురు నీలం, లేత నీలం వాడారు. గుర్తు మధ్యలో లేతగా కనిపిస్తే బర్మా యుద్ధకాలపు ఫొటో అయ్యే అవకాశం ఎక్కువ.

ఆ గుర్తు పక్కనున్న పెద్ద అక్షరాల్లో రెండు స్క్వాడ్రన్‌వి, అంటే విమాన దళానివి. యుఎం అంటే 152వ స్క్వాడ్రన్, ఎస్‌డబ్ల్యూ అంటే 253వది. నిజాం డబ్బిచ్చాడు కాబట్టి ఈ రెండింటి పేర్లలోనూ హైదరాబాద్ ఉంటుంది, 152 వాళ్లు 1940లో ఇంగ్లండ్‌లో స్పిట్‌ఫైర్లు నడిపి, తర్వాత బర్మా వైపు వచ్చారు. మనవాళ్లు చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు. పేరు హైదరాబాద్‌ది అయినంత మాత్రాన అందులో హైదరాబాద్ వాళ్లు ఉన్నారని కాదు, అవి బ్రిటిష్ దళాలే. తాత 1932లో మొదలైన ఇండియన్ ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసి ఉండొచ్చు, అది కూడా చూడండి.

తోక దగ్గరి చిన్న నంబరు దొరికితే పంట పండినట్టే. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 అనే వరుసలో స్క్వాడ్రన్ల రోజువారీ రికార్డులున్నాయి, ఏ తేదీన ఏ నంబరు విమానంలో ఎవరు ఎగిరారో చాలావరకు వాటిలో రాసి ఉంటుంది. తాత పేరు అందులో లేదని ఇంట్లో చెప్పింది అబద్ధమనుకోకండి, ఇంజిన్లు బాగుచేసిన ఫిట్టర్లు, తుపాకులు చూసుకున్న ఆర్మరర్ల పేర్లు ఆ పట్టికల్లోకి పెద్దగా ఎక్కవు, వాళ్లు లేకపోతే విమానం లేవదు కూడా.

యుద్ధం నుంచి తిరిగిరాని మనిషైతే యుద్ధమృతుల సమాధులు చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో పేరు రకరకాల స్పెల్లింగులతో కొట్టి చూడండి. సమాధి లేని వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం మీద చాలా ఉన్నాయి.

ఇంట్లో పెద్దల్ని అడిగేటప్పుడు ‘తాత బర్మా పోయిండా?’ అని అడగొద్దు, ఆఁ అనేస్తారు. జాబులు ఎక్కడి నుంచి వచ్చేవి, పింఛను వచ్చేదా, సెలవుకొచ్చినప్పుడు ఏం తెచ్చేవాడు అని మేనత్తనో పెద్దనాయననో అడిగి, వాళ్ల మాట వాళ్ల మాటగానే రాసిపెట్టండి, రికార్డులో దొరికింది వేరే కాగితం మీద రాయండి, ఫొటో వెనక మాత్రం పెన్ను పెట్టొద్దు.