ఫోన్ దొరకాలె, మనిషి దొరకొద్దు

హన్మకొండ చౌరస్తా దగ్గర నాది మొబైల్ రిపేరు దుకాణం. కొత్త ఫోన్ కొన్న పెద్దమనుషులు డబ్బాతో సహా తెచ్చి నా చేతిల పెడతరు. "అంతా సెట్ చేసి ఇయ్యి తమ్మీ" అంటరు. ఏండ్ల తరబడి నేను చేసింది ఒక్కటే: ఇంట్ల ఎవరికి జీమెయిల్ ఉంటే అది ఎక్కించుడు, ఫోన్ పోతే వెతికే సౌకర్యం ఆన్ చేసి ఇచ్చుడు. మంచి పనే చేస్తున్న అనుకున్న.

పోయిన ఏడాది ఒక అక్క వచ్చింది. బట్టలు కుడతది. గిరాకీ లేని టైం చూసి, గొంతు తగ్గించి అడిగింది. "తమ్మీ, నేను యాడికి పోయినా మా ఆయనకు ఎరుకైతాంది. అమ్మగారింట్ల ఎంతసేపు కూసున్ననో గుడ చెప్తాండు. ఫోన్ల ఏమన్న పెట్టిండా?"

మొత్తం వెతికిన. దొంగ యాప్ ఏదీ లేదు. ఉన్నదల్లా ఆయన జీమెయిల్. రెండేండ్ల కింద దాన్ని ఎక్కించింది నేనే. ఫోన్‌ల ఏ గూగుల్ ఖాతా ఉన్నా, ఆ ఖాతా పాస్‌వర్డ్ తెలిసినోళ్లు ఇంకో ఫోన్ నుంచి ఫైండ్ హబ్ (పోయిన ఫోన్‌ను వెతికే గూగుల్ యాప్) తెరిచి ఆ ఫోన్ ఎక్కడున్నదో మ్యాపుల చూడొచ్చు. దొంగను పట్టాలని పెట్టిన తాళంచెవి ఆమె వెనకాల తిరిగింది. తప్పు నాది. అప్పటిసంది పద్ధతి మార్చుకున్న. ఇక్కడ రాస్తున్నది ఆ పద్ధతే.

అన్నిటికన్న ముందు ఖాతా చూడండి. సెట్టింగ్స్‌ల "పాస్‌వర్డ్స్ అండ్ అకౌంట్స్" తెరిస్తే (కొన్ని ఫోన్లల ఉత్త "అకౌంట్స్" అని ఉంటది) ఎన్ని జీమెయిళ్లు ఉన్నయో కనబడతది. మీది కానిది ఒక్కటున్నా, దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గరున్నదో తెలుసుకోవాలె. దుకాణపాయన తయారుచేసి ఇచ్చిన జీమెయిల్ అయితే ఈ రోజే పాస్‌వర్డ్ మార్చండి. రికవరీ నంబరు కూడా మీదే పెట్టండి, అక్కడ దుకాణం నంబరు ఉన్నోళ్లను నేను శానమందిని చూసిన. వేరే ఖాతా తీసేసేముందు ఒక జాగ్రత్త: నంబర్లు అందులనే సేవ్ అయి ఉంటే ఖాతాతో పాటే పోతయి. ముందు కాంటాక్ట్స్‌ను ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

ఇంకొకటి, ఇది ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్తున్న. ఇంట్ల భయముంటే ఖాతాను దబ్బున తీసెయ్యకండి. మ్యాపుల ఫోన్ కనబడకపోతే అవతలివాళ్లకు వెంటనే అర్థమైతది. ముందు నమ్మకమున్న మనిషి ఫోన్ నుంచి మహిళల హెల్ప్‌లైన్ 181కి చెయ్యండి, లేకుంటే ఆపదల ఉన్న ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం జిల్లాల ఉంటది, అక్కడ మాట్లాడండి. ఫోన్ పని తర్వాత చేసుకోవచ్చు.

ఖాతా మీ చేతికి వచ్చినంక, మీరెక్కడున్నరో ఎవరికీ చెప్పకుండనే పనిచేసే తాళాలు ముందు పెట్టుకోండి. ఆండ్రాయిడ్ 10, ఆ తర్వాతి ఫోన్లల సెట్టింగ్స్, గూగుల్, ఆల్ సర్వీసెస్ లోపల "థెఫ్ట్ ప్రొటెక్షన్" ఉంటది. ఎవరన్న చేతిలకెళ్లి గుంజుకొని ఉరికితే ఆ కదలికను ఫోనే పసిగట్టి స్క్రీన్ లాక్ చేసుకుంటది. ఇంకోటి, దొంగ నెట్ బంద్ చేస్తే లాకయ్యేది. రెండూ ఆన్ చెయ్యండి. నోటిఫికేషన్లల ఓటీపీ లాక్ స్క్రీన్ మీద కనబడకుండ చెయ్యండి. లాక్ ఉన్నప్పుడు పైనుంచి ప్యానెల్ గుంజి ఫ్లైట్ మోడ్ పెట్టే వీలు లేకుండ చేసే సెట్టింగు శాన కంపెనీల ఫోన్లల ఉన్నది, అది కూడా.

సిమ్ లాక్‌ను ఎవరూ పట్టించుకోరు, నాకు దాని మీదనే ఎక్కువ నమ్మకం. దొంగ మీ సిమ్ తీసి వేరే ఫోన్‌ల వేస్తే ఓటీపీలన్నీ వానికే వస్తయి. సిమ్‌కు పిన్ ఉంటే రావు. అయితే మొదట ఉండే పిన్ ఏందో సిమ్ కంపెనీని అడిగి తెలుసుకున్నంకనే మొదలుపెట్టండి. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే (బందైన సిమ్‌ను తెరిచే నంబరు) అడుగుతది, మళ్ల ఆ నంబరు కోసం కంపెనీ చుట్టే తిరగాలె.

ఇగ మీ జాడతో ముడిపడ్డ సంగతి. ఫైండ్ హబ్‌ల "ఆఫ్‌లైన్ డివైసులు వెతుకుడు" అనే చోట నాలుగు రకాలుంటయి. పూర్తిగా ఆఫ్. నెట్‌వర్క్ లేకుండ, అంటే ఆఖరుసారి ఫోన్ ఎక్కడున్నదో అది మాత్రం. జనం ఎక్కువున్న చోట్లల్ల నెట్‌వర్క్‌తో. అన్ని చోట్లల్ల నెట్‌వర్క్‌తో. నెట్‌వర్క్ అంటే చుట్టుపక్కల తిరిగే వేరేవాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్లు. మీ ఫోన్‌కు డేటా లేకున్నా, అవి బ్లూటూత్‌తో గుర్తుపట్టి జాగ చెప్తయి. ఆ సమాచారం మీ స్క్రీన్ లాక్ పిన్‌తో ముడిపడి గూఢలిపిల పోతది, గూగుల్ చదవలేదు. అందుకే పిన్ లేని ఫోన్‌ల ఇది పనిచెయ్యదు.

మూడోదానికి, నాలుగోదానికి తేడా మా దిక్కు మంచిగ అర్థమైతది. మేడారం జాతరల గద్దెల దగ్గర, జంపన్నవాగుల తానం చేసేటప్పుడు ఒడ్డు మీద బట్టలల్ల పెట్టిన ఫోన్లు ఎన్ని పోతయో! అక్కడ సిగ్నల్ అందదు గానీ చుట్టూ వేల ఫోన్లు ఉంటయి. మూడోది సరిపోతది, ఎందుకంటే అది ఒకటికన్న ఎక్కువ ఫోన్లు చూస్తేనే జాగ చెప్తది. ఏటూరునాగారం అడవి దారిల పడిపోతే మాత్రం ఆ బాటన పోయే ఒక్క ఫోనే చూస్తది. ఆ ఒక్కదాని మాట చెల్లాలంటే నాలుగోది కావాలె. కానీ ఊరికి దూరంగా, చేనుకాడ ఒక్క ఇల్లే ఉన్నోళ్లకు అక్కడ తిరిగే ఆ ఒక్క ఫోన్ ఇంట్లోళ్లదే అయి ఉంటది, దాని మాటతో ఆ ఇంటి జాడే బయటపడతది. అందుకే నేను మూడోది పెట్టి ఇస్తున్న, అడవి దారిన పోయేటప్పుడు మీరే నాలుగోదానికి మార్చుకొని, తిరిగొచ్చినంక వెనక్కి పెట్టుకోండి అంటున్న. ఇంట్లోళ్లకు జాడ చెప్పాలంటే మ్యాప్స్‌ల గంటకో, ఆ రోజుకో లొకేషన్ పంపండి. "ఆపేదాక" అన్నది నొక్కితే నొక్కినట్టు మీకే యాదికుండదు.

తప్పు పిన్ కొడితే దొంగ ఫొటో తీస్తమనే యాప్‌లు వద్దని చెప్తున్న. కెమెరా, లొకేషన్, ఫోన్ మీద అడ్మిన్ హక్కు, అన్నీ అడుగుతయి. దొంగ ఎప్పుడో ఒకనాడు వస్తడు, ఆ యాప్ మాత్రం పొద్దంత మీతోనే ఉంటది. సెట్టింగ్స్‌ల "డివైస్ అడ్మిన్ యాప్స్" అని వెతికితే ఎవరికి ఆ హక్కు ఇచ్చిన్రో తెలుస్తది.

ఐఫోన్ వాళ్లకు కొద్దిగనే చెప్పాలె. 2024 జనవరిల ఐఓఎస్ 17.3తో వచ్చిన "స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్" ఆన్ చేస్తే, ఇల్లు, ఆఫీసు లాంటి అలవాటైన చోట్లు కాకుండ బయట ఎవడన్న ఆపిల్ పాస్‌వర్డ్ మార్చబోతే ముఖం చూపించమంటది, గంట ఆగమంటది, మళ్ల ముఖం అడుగుతది. అలవాటైన చోట్లు ఏవో ఫోన్‌కు తెలువాలె గనక "సిగ్నిఫికెంట్ లొకేషన్స్" ఆన్ ఉండాలె. ఆ జాబితా ఆపిల్‌కు చదవరాదు. ఈ బేరం నాకు సమ్మతమే.

ఫోన్ పోయినప్పుడు చాలామంది ఆగిపోయేది ఒక్క చోటనే: వేరే ఫోన్‌ల జీమెయిల్ తెరవబోతే, ఆ ధ్రువీకరణ పోయిన ఫోన్‌కే పోతది. దానికి ఇప్పుడే గూగుల్ ఖాతాల సెక్యూరిటీ లోపల టూ స్టెప్ వెరిఫికేషన్ దగ్గర బ్యాకప్ కోడ్లు తీసిపెట్టుకోండి. పది కోడ్లు వస్తయి, ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తది. *#06# కొట్టి ఐఎంఈఐ నంబర్లు (ప్రతి ఫోన్‌కు వేరుగా ఉండే గుర్తింపు నంబర్లు) కూడా అదే కాయితం మీద రాసి ఇంట్ల పెట్టండి. పర్సుల వద్దు, పర్సూ ఫోనూ కలిసే పోతయి.

పోయినంక ముందు లాక్ చెయ్యండి, చెరిపెయ్యడానికి తొందరపడొద్దు. ఆండ్రాయిడ్‌ను చెరిపితే ఇగ మ్యాపుల కనబడదు. సిమ్ బంద్ చేయించండి, బ్యాంకుకు చెప్పండి. మ్యాపుల చుక్క కనబడ్డదని ఒక్కరే ఆ ఇంటిమీదికి పోవద్దు, ఆ చుక్క పక్కింటిది కావొచ్చు. ఠాణాకు పోండి. ఫిర్యాదు కాపీ, కొన్న బిల్లు, గుర్తింపు కార్డుతో కేంద్రం నడిపే సంచార్ సాథీ పోర్టల్‌ల సీఈఐఆర్ (పోయిన ఫోన్లను బంద్ చేసే వ్యవస్థ) కింద ఐఎంఈఐ బ్లాక్ చేయించండి. కొత్త సిమ్‌ల మెసేజ్‌లు రావడానికి ఒక రోజు దాక పట్టొచ్చు, ఓటీపీ రాలేదని గాబరా పడకండి. ఇందుల మీకు మ్యాపు చూపించరు. ఫోన్ మళ్ల వాడకంలకొస్తే ఆ జాడ పోలీసులకు పోతది. ఆ సంగతే నాకు ఇందుల నచ్చింది, మొగుడో పక్కింటోడో చూసే వీలు లేదు.

సంచార్ సాథీకి యాప్ కూడా ఉన్నది. కొత్త ఫోన్లన్నిట్ల ముందే వేసి ఇయ్యాలని కేంద్రం ఆదేశమిచ్చి, గోప్యత మీద లొల్లి లేవంగనే 2025 డిసెంబర్ 3న వెనక్కి తీసుకున్నది. యాప్ వద్దనుకుంటే బ్రౌజర్‌లనే ఈ పనంతా అయితది. ఫోన్ దొరికినంక అప్పుడిచ్చిన రిక్వెస్ట్ ఐడీతో అదే పోర్టల్‌ల అన్‌బ్లాక్ చేసుకోవాలె, లేకుంటే చేతికొచ్చిన ఫోన్‌ల సిమ్ పనిచెయ్యదు.